బిస్కెట్ రంగు సీట్లు, కొత్త జీన్సు: కోటింగా, కవరా, టవలా?

మా ఇంట్లో కారు కొనేటప్పుడు ఇంజను గురించి జరిగిన చర్చ కంటే సీట్ల రంగు గురించి జరిగిన చర్చే ఎక్కువ. నల్లవి వద్దు, అనంతపురం ఎండకు పెనం మీద కూర్చున్నట్టే ఉంటుందని మా ఆవిడ పట్టుబట్టింది. ఆమె మాటే నెగ్గింది, బిస్కెట్ రంగు సీట్లు వచ్చాయి. మూడో నెలలో, మే ఎండల్లో, కొత్తగా కొన్న ముదురు నీలం జీన్సు తొడుక్కుని బెంగళూరు పోయొచ్చాను. పోను రాను నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మర్నాడు పొద్దున తలుపు తీస్తే డ్రైవరు సీటు అంచు మీద, తలుపు వైపు, లేత నీలం నీడ. నీడే అనుకుని చెయ్యి అడ్డం పెట్టి చూశాను. కదల్లేదు.

సీటు కవర్లు కుట్టే అబ్బాయికి చూపిస్తే నవ్వాడు. "ఏందన్నా, బిస్కెట్ కలర్ సీటు తీసుకుంటివి, కొత్త జీన్సు తొడుక్కుంటివి. ఆ రంగు యాడికి పోతుంది మరి?"

తర్వాత కర్నూలులో ఉండే మా తోడల్లుడు లేత రంగు సీట్ల కారు కొన్నాడు. కడపలో నా స్నేహితుడొకడు అసలు లెదర్ సీట్లున్న సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాడు. ఇద్దరూ నన్నడిగింది ఒకే ప్రశ్న: కోటింగ్ వేయించాలా, కవర్లు కుట్టించాలా, టవల్ పరిస్తే చాలా? చివరికి మా ముగ్గురివీ మూడు దారులయ్యాయి. ఎందుకలా అయిందో చెప్తే మీది ఏ దారో మీకే తెలుస్తుంది.

ముందు సీటు ఏ జాతిదో చూసుకోండి

షోరూంలో అన్నిటినీ లెదర్ అనే అంటారు. బ్రోచర్‌లో చిన్న అక్షరాల్లో "లెదరెట్" అని ఉంటే అది మనం ఎప్పటినుంచో రెగ్జిన్ అంటున్నదే, కాస్త మెరుగైన రకం. మన ఊళ్ళలో తిరిగే మామూలు కార్లలో ఎక్కువ భాగం ఇదే. అసలు లెదర్ అని చెప్పిన కార్లలో కూడా చాలాసార్లు కూర్చునే చోట, ఆనుకునే చోట మాత్రమే తోలు. పక్క అంచులు, వెనక భాగం రెగ్జిన్. సీటు కింద కుట్టు దగ్గర అంచు మడిచి వెనక వైపు చూడండి. గుడ్డ అల్లిక కనిపిస్తే రెగ్జిన్, తోలు పీచు కనిపిస్తే లెదర్.

రెగ్జిన్‌లో మళ్ళీ రెండు రకాలు. పీవీసీ రకాన్ని మెత్తబరచడానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. బట్టల రంగు ఆ పదార్థంలో కరిగి మెల్లగా లోపలికి ఇంకుతుంది. రెండు రోజుల్లో తుడిస్తే పోయే మరక రెండు నెలలయ్యాక ఎంత రుద్దినా పోకపోవడానికి కారణం ఇదే: అప్పటికి అది పైన లేదు, లోపల ఉంది. పీయూ, అంటే పాలియురేథేన్ రకానికి ఆ మెత్తబరిచే నూనె అక్కర్లేదు కాబట్టి కాస్త నయం, అంతే.

అసలు లెదర్ అయితే కార్లలో వాడే దానికి దాదాపు ఎప్పుడూ పైన రంగు పొర, దాని మీద పారదర్శకమైన పాలియురేథేన్ పొర ఉంటాయి. బట్టల రంగు ముందు ఆ పై పొర మీదే ఆగుతుంది. పొర అరిగితే కిందికి దిగుతుంది. పూత లేని అనిలిన్ లెదర్ ఖరీదైన కార్లలో అరుదుగా వస్తుంది. కనిపించని చోట ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉంది, ఇంకిపోయి నల్లబడితే లేదు. పూత లేని సీటుకు కింద రాసిన సలహాల్లో సగం పనికిరావు. దాన్ని డిటైలింగ్, అంటే కారును లోపలా బయటా పట్టిపట్టి శుభ్రం చేసి మెరుగుపెట్టే పని, తెలిసినవాళ్ళకు చూపించి గానీ ఏదీ పూయొద్దు.

రంగు ఎందుకు దిగుతుంది

జీన్సుకు వేసే ఇండిగో విచిత్రమైన రంగు. నీళ్ళలో కరగదు. కరిగే రూపంలోకి మార్చి నూలును ముంచి తీస్తారు. అప్పుడు దారం పసుపుపచ్చగా ఉంటుంది, గాలి తగలగానే నీలమవుతుంది. అలా ముంచడం, ఆరబెట్టడం ఎన్నోసార్లు. ఇంత చేసినా రంగు నూలు పైపొరల్లోనే కూర్చుంటుంది, లోపలి పోగు తెల్లగానే ఉంటుంది. మోకాళ్ళ దగ్గర జీన్సు తెల్లబడేది అందుకే. అంటే జీన్సుకు అందం తెచ్చే గుణమూ, సీటుకు మరక తెచ్చే గుణమూ ఒకటే.

ఇందులో మన ప్రాంతానికి పాత బాకీ ఒకటుంది. ఒకప్పుడు కడప, కర్నూలు జిల్లాల్లో నీలిమందు మొక్కను విరివిగా పండించి ఓడలకెక్కించేవాళ్ళు. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీ నీలిని అమ్మకానికి పెట్టాక ఆ సాగు అణగారిపోయింది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ నీలితోనే రంగేసిన గుడ్డతో రాయదుర్గంలో, పక్కన బళ్ళారిలో జీన్సులు కుడుతున్నారు. తిరిగి తిరిగి నా సీటు మీదికే వచ్చింది.

నల్ల జీన్సుకు సాధారణంగా సల్ఫర్ రంగు వాడతారు, అదీ రాపిడికి దిగుతుంది. రంగు దిగడానికి కావాల్సినవి మూడు: రాపిడి, తడి, వేడి. ఎండలో మూసి పెట్టిన కారు లోపల 60 డిగ్రీలకు చేరడం మన వేసవిలో వింత కాదు. అందులోకి ఎక్కి, చెమటతో తడిసిన జీన్సుతో, గేరు మార్చినప్పుడల్లా కదులుతూ కూర్చుంటే మూడూ కలిసినట్టే. అందుకే మరక ముందుగా సీటు మధ్యలో రాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తొడ రాసుకుపోయే పక్క అంచు మీద వస్తుంది. ఏ దారి ఎంచుకున్నా మీరు కాపాడాల్సింది ముందుగా ఆ జానెడు చోటు.

మీ బండిలో ఎవరు కూర్చుంటారు?

ఈ ప్రశ్నను చాలామంది దాటేసి నేరుగా ధరల దగ్గరికి పోతారు. అక్కడే తప్పు జరుగుతుంది.

మా తోడల్లుడి బండినే తీసుకోండి. కార్తీకం వస్తే ఇంట్లో ఇద్దరు అయ్యప్ప మాల వేస్తారు. కొత్త నల్ల లుంగీలు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఒళ్ళు సరిగా ఆరకముందే బండెక్కడం. నలభై ఒక్క రోజులు అదే వరస. ఇది చాలదన్నట్టు ఏడాదికి నాలుగుసార్లు మంత్రాలయం ప్రయాణం. తుంగభద్రలో మునిగి, తడి బట్టలు కవర్లో చుట్టి వెనక సీటు మీద పడేస్తారు. ఆ కవరుకు ఎప్పుడూ ఒక చిల్లు ఉంటుంది. జీన్సు కంటే ఇలాంటి తడి, కొత్త, చవక నూలు బట్టలే పెద్ద ప్రమాదం.

పట్టుచీరల గురించి అడుగుతారు. ధర్మవరం చీర పొడిగా ఉన్నంతసేపు దిగులు అక్కర్లేదు. పెళ్ళిలో ఉక్కపోతకు నడుము దగ్గర తడిసిన ముదురు ఎరుపు, మెరూన్ చీర అయితే కాస్త జాగ్రత్త. బడి పిల్లల నీలం యూనిఫారాల్లో పాలియెస్టర్ ఎక్కువ కాబట్టి మామూలు రాపిడికి అంతగా రంగు వదలవు. పిల్లలు తెచ్చే మరకలు వేరే జాతివి, వాటి గురించి ఇక్కడ చెప్పను.

ఏ బట్ట ప్రమాదమో తేల్చుకోవడానికి లాబొరేటరీ అక్కర్లేదు. తెల్ల చేతిరుమాలు తడిపి పిండి, వేలికి చుట్టి, బట్ట మీద గట్టిగా పదిసార్లు రుద్దండి. గుడ్డల మిల్లుల్లో చేసే ఐఎస్ఓ 105-ఎక్స్12 పరీక్ష కూడా ఇలాంటిదే: తెల్ల గుడ్డతో పదిసార్లు రాసి, పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి, అంటిన రంగును 1 నుంచి 5 వరకు గ్రేడు వేస్తారు. మనకు గ్రేడు అక్కర్లేదు. రుమాలు నీలమైతే సీటూ నీలమవుతుంది.

ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మీ సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా? సీటు వీపు భాగానికి తలుపు వైపు చిన్న ట్యాగు కుట్టి ఉంటే ఉన్నట్టే. సీట్లలోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు ఉందా? ఈ రెండిటిలో ఏదున్నా కవర్ల లెక్క మారిపోతుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీరు వారానికి ఒకసారి నిజంగా సీటు తుడుస్తారా? "తుడుస్తాను" అని కాదు, పోయిన నెలలో ఎన్నిసార్లు తుడిచారో లెక్కేసి చెప్పండి.

దారి ఒకటి: బట్టను మచ్చిక చేయడం

ఖర్చు లేని దారి. కొత్త జీన్సును తిరగేసి, విడిగా, చల్లటి నీళ్ళలో రెండు మూడుసార్లు ఉతికాకే కారెక్కండి. పైపైన వదులుగా ఉన్న రంగు చాలావరకు అప్పుడే పోతుంది. ఉప్పునీళ్ళలో, వెనిగర్‌లో నానబెడితే రంగు "పడుతుంది" అని ప్రతి ఇంట్లోనూ చెప్తారు. మా అమ్మా చెప్పింది, నేనూ నానబెట్టాను. ఇండిగో మీద ఆ వైద్యం పనిచేయదు. ఉప్పు వల్ల నూలుకు అంటుకునేది వేరే జాతి రంగులు, అదీ రంగు వేసేటప్పుడు. వేసిన తర్వాత కాదు.

ఈ దారికి ఉన్న లోపం ఒక్కటే. మీ బట్టలు మీ చేతిలో ఉంటాయి, మీ బండెక్కే బావమరిది బట్టలు ఉండవు.

దారి రెండు: తుడుస్తూ పోవడం

పిహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) లెదర్ క్లీనర్, మెత్తటి బ్రష్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు. ముందు దుమ్ము దులపాలి, వీలైతే వాక్యూం పట్టాలి. మన ఎర్రమట్టి దుమ్ము మీదే తడిగుడ్డ రుద్దితే అది ఉప్పు కాగితంలా పనిచేసి పై పొరను గీస్తుంది. క్లీనర్‌ను సీటు మీద కాకుండా బ్రష్ మీద వేసుకోవాలి, నురుగుతో వృత్తాలుగా తిప్పాలి, తడిగుడ్డతో తీసేయాలి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. రెండు ముందు సీట్లకు పావుగంట.

నా లెక్కలో మిగతా దారులన్నీ దీనికి తోడే తప్ప దీనికి బదులు కావు. ఇది ఒక్కటే చేసి ఇంకేమీ చేయనివాడి సీటు, వేలు పోసి కోటింగ్ వేయించి ముట్టుకోనివాడి సీటు కంటే బాగుంటుంది.

దారి మూడు: క్రీములు, కోటింగులు

ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది, ఎక్కువ అపోహలూ ఉన్నాయి. కాబట్టి కాసేపు ఆగుదాం.

దుకాణంలో "లెదర్ కండిషనర్" అని అమ్మేది వేరు, "ప్రొటెక్టర్" లేదా "సీలెంట్" అనేది వేరు. కండిషనర్ పని తోలును మెత్తగా ఉంచడం. రంగును ఆపడం దాని పని కాదు. రెగ్జిన్‌కు అసలు దాని అవసరమే లేదు. నూనె జిడ్డుండే రకం పూస్తే సీటు తళతళలాడుతుంది గానీ, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది, జీన్సు రంగూ అంటుకుంటుంది. డ్యాష్‌బోర్డుకు కొట్టే మెరుపు స్ప్రేను సీట్లకు కొట్టేవాళ్ళున్నారు. అది అన్నిటికన్నా చెడ్డది, పైగా బ్రేక్ వేస్తే మనిషి జారతాడు.

సీలెంట్ అనేది సీటు మీద పల్చటి పాలిమర్ పొర వేస్తుంది. ఇంట్లోనే వేసుకోవచ్చు: శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, స్పాంజితో పూసి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయాలి. డిటైలింగ్ షాపుల్లో వేసే సిరామిక్ కోటింగ్ ఇదే ఆలోచనకు ఇంకా గట్టి రూపం, ఇంకా ఎక్కువ ధర. వేసే ముందు సీటును నిజంగా శుభ్రం చేశారో లేదో పక్కన నిలబడి చూడండి. ఉన్న మరక మీద కోటింగ్ వేస్తే ఆ మరకను లామినేషన్ చేయించినట్టే.

కోటింగ్ వేయిస్తే ఇక మరక పడదని అమ్మేవాళ్ళు చెప్తారు. పడుతుంది. కోటింగ్ చేసేది రంగును ఆపడం కాదు, మీకు వ్యవధి ఇవ్వడం. రంగు కోటింగ్ పైన ఆగి ఉన్నంతసేపట్లో మీరు తుడిస్తే సులువుగా వస్తుంది. తుడవకపోతే రాపిడికి ముందు కోటింగే అరుగుతుంది, అదీ మరక ఎక్కువగా పడే ఆ పక్క అంచు మీదే ముందుగా. సీటు వీపు మీద ఏడాది నిలిచిన పొర అంచు మీద కొన్ని నెలలకే పోయి ఉండొచ్చు. అందుకే "రెండేళ్ళ గ్యారంటీ" అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న: అంచు మీద మళ్ళీ వేయడానికి ఎంత తీసుకుంటారు?

తుడిచే అలవాటు ఉన్నవాడికి కోటింగ్ పని సులువు చేస్తుంది. లేనివాడి మనసుకు మాత్రమే హాయినిస్తుంది.

దారి నాలుగు: టవల్, దుప్పటి

చూడటానికి నామోషీ అనిపిస్తుంది. లక్షలు పోసి కొన్న బండిలో టవల్ ఏమిటని మా ఆవిడ మొదట్లో నొసలు చిట్లించింది. కానీ రంగుకూ సీటుకూ మధ్య నూలు గుడ్డ అడ్డం ఉంటే, అది మురికైతే ఉతికి ఆరేసుకుంటే, అంతకంటే సూటి పరిష్కారం లేదు. చెమట పీల్చుకుంటుంది, ఎండకు కాలిన సీటు నుంచి తొడలను కాపాడుతుంది.

ఎమ్మిగనూరు చేనేత దుప్పట్లు, టవళ్ళు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. తీసుకునేది తెలుపో, లేత రంగో కావాలి. ముదురు ఎరుపు చారల దుప్పటి పరిస్తే అదే సీటుకు రంగు పూస్తుంది. తడి రుమాలు పరీక్ష దానికీ చేయండి. కూర్చునే చోటే కాకుండా పక్క అంచు మీదికి జానెడు కిందికి వేలాడేలా వేసి, కొసను సీటు సందులోకి దోపండి. డ్రైవరు సీటుకు మాత్రం జారకుండా వెనక రబ్బరు ఉన్న రకమో, నాడాలతో కట్టుకునేదో వాడాలి. జారిన టవల్ పెడళ్ళ మీద పడితే సీటు గురించి ఆలోచించే అవసరం ఉండదు.

చల్లగాలి సీట్లు ఉన్నవాళ్ళకు పల్చటి నూలు గుడ్డ కొంత గాలిని వదులుతుంది, రెగ్జిన్ కవరు వదలదు. ఎయిర్‌బ్యాగు ఉన్న వీపు భాగాన్ని టవల్ ముట్టుకోదు కాబట్టి అక్కడా భయం లేదు.

దారి ఐదు: కుట్టించిన కవర్లు

కొలతలు తీసుకుని కుట్టే రెగ్జిన్ కవర్లు మన ఊళ్ళలో తరాలుగా ఉన్న పని. టాక్సీలకు, పెద్ద కుటుంబాలకు, పెళ్ళిళ్ళకు బండి ఇచ్చేవాళ్ళకు దీన్ని మించింది లేదు. కింద అసలు సీటు కొత్తగానే ఉంటుంది, అమ్మేటప్పుడు కవరు పీకేస్తే చాలు.

కానీ రెండు షరతులు. సైడ్ ఎయిర్‌బ్యాగు సీటు వీపులోంచి చీల్చుకుని బయటికి రావాలి. దాని మీదుగా గట్టి కుట్టుతో కవరు బిగిస్తే ఆ బ్యాగు ఆలస్యంగా తెరుచుకోవచ్చు, తప్పు దిక్కుకు పోవచ్చు. ఎయిర్‌బ్యాగు చోట ఖాళీ వదిలిన కవరో, అక్కడ తేలిగ్గా తెగే కుట్టు వేసిన కవరో అడగండి. "ఏం కాదన్నా, అందరికీ ఇట్లే కుడతాం" అని చెప్తే ఆ దుకాణం దాటేయండి. రెండోది, నల్ల కవరు వేయిస్తే లోపలి అస్తరు రంగు కింద ఉన్న అసలు సీటుకు దిగకుండా చూసుకోవాలి. అడుగు గుడ్డ తెల్లదై ఉండాలి.

ఇంకో మాట. లేత రంగు సీట్లు ముచ్చటపడి కొని, మొదటి వారంలోనే వాటి మీద నల్ల కవరు వేయించేవాళ్ళను చూశాను. వాళ్ళు నల్ల సీట్ల కారే కొని ఉండాల్సింది.

దారి ఆరు: రంగు మార్చడం

మరక లోతుకు పోయాక, పూత అరిగాక, ఆ భాగాన్ని శుభ్రం చేసి మళ్ళీ రంగు, పై పొర వేసేవాళ్ళుంటారు. బెంగళూరు, హైదరాబాదుల్లో సులువుగా దొరుకుతారు. బాగా చేస్తే తెలియదు, బాగా చేయకపోతే ఆరు నెలల్లో పెచ్చులు లేస్తుంది. కాపాడే దారి కాదు ఇది, కాపాడుకోలేకపోయినప్పటి దారి.

| దారి | ఖర్చు | రంగును ఆపే తీరు | మీ పని | ఎక్కడ తేడా కొడుతుంది |
|---|---|---|---|---|
| బట్ట ముందే ఉతకడం | ఏమీ లేదు | మొదటి వదులు రంగును తగ్గిస్తుంది | ఒకసారి | ఇతరుల బట్టలు మీ చేతిలో లేవు |
| వారం వారం తుడవడం | వందల్లో | ఆపదు, ఇంకకముందే తీసేస్తుంది | ప్రతి వారం | బద్ధకం |
| సీలెంట్ | వందల్లో నుంచి వేలల్లోకి | వ్యవధి ఇస్తుంది | తుడవాలి, కొన్ని నెలలకు మళ్ళీ పూయాలి | పక్క అంచు |
| సిరామిక్ కోటింగ్ | వేలల్లో | ఎక్కువ వ్యవధి ఇస్తుంది | తుడవాలి | పక్క అంచు, అతి నమ్మకం |
| టవల్, దుప్పటి | వందల్లో | పరిచిన మేర పూర్తిగా | ఉతకాలి, సర్దాలి | జారడం, అందం |
| కుట్టించిన కవరు | వేలల్లో | పూర్తిగా | దాదాపు లేదు | ఎయిర్‌బ్యాగులు, చల్లగాలి సీట్లు |

మరి ఎవరు ఏది?

ఒంటరిగా ఆఫీసుకు పోయి వచ్చేవాళ్ళు, బండి నీడలో పెట్టేవాళ్ళు, ఆదివారం బండి కడగడం సరదాగా ఉన్నవాళ్ళు: సీలెంట్ పూసి తుడుచుకుంటూ పోండి. కడప స్నేహితుడిది ఇదే. అతని సీట్లు పూత ఉన్న అసలు లెదర్, అతను తొడిగేది ఎక్కువగా లేత రంగు ప్యాంట్లు. సిరామిక్ దాకా కూడా పోలేదు.

ఇంట్లో పెద్దలు, పిల్లలు, మాల వేసేవాళ్ళు, గుడికీ పెళ్ళికీ అదే బండి అయితే కోటింగ్ మీద డబ్బు పెట్టొద్దు. తోడల్లుడు వెనక సీటుకు మాత్రం కవరు కుట్టించాడు. అతని బండిలో వెనక సైడ్ ఎయిర్‌బ్యాగులు లేవు, అక్కడ షరతు వర్తించదు. ముందు సీట్లకు తెల్ల టవళ్ళు. తడి బట్టలకు డిక్కీలో మూతున్న ప్లాస్టిక్ బకెట్. ఆ బకెట్‌కు అయిన ఖర్చే ఆ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే తక్కువ, పనికొచ్చింది మాత్రం అదే ఎక్కువ.

బండి బాడుగకు తిప్పేవాళ్ళకు ఆలోచనే అక్కర్లేదు, మంచి కవర్లు కుట్టించండి. మూడేళ్ళలో అమ్మేసే ఆలోచన ఉన్నవాళ్ళకూ అదే, కానీ ఎయిర్‌బ్యాగుల మాట మరవొద్దు.

ఇంకా కారు కొననివాళ్ళు, రోజూ ముదురు జీన్సు తొడిగేవాళ్ళు, తుడిచే ఓపిక లేదని తమకే తెలిసినవాళ్ళు: బూడిద రంగో గోధుమ రంగో చూసుకోండి. నల్లదంత కాలదు, బిస్కెట్ రంగంత బయటపడదు.

పీవీసీ రెగ్జిన్, లేత రంగు, ఎండలో పార్కింగ్, మూడూ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. నాది ఆ వర్గమే. విండ్‌షీల్డుకు ఎండ అడ్డు పెట్టడం కూడా రంగు ఇంకే వేగాన్ని తగ్గిస్తుంది. దాన్ని ఏసీ కోసం మాత్రమే అనుకోకండి.

ఇప్పటికే అంటుకుంటే

తాజాదైతే న్యూట్రల్ క్లీనర్, మెత్తటి బ్రష్, ఓపిక. ఒకేసారి గట్టిగా కాకుండా నాలుగైదుసార్లు నెమ్మదిగా. ప్రతిసారీ గుడ్డ మీదికి ఎంత నీలం వస్తోందో చూడండి. గుడ్డ తెల్లగా వస్తున్నా సీటు మీద నీలం ఉంటే అది లోపలికి పోయినట్టే. అక్కడితో ఆపేయాలి. ఇంకా రుద్దితే పోయేది మరక కాదు, పై పొర.

వాడకూడనివి: నెయిల్ పాలిష్ తీసే ద్రావణం, థిన్నర్, పెట్రోలు, కిరోసిన్, బ్లీచింగ్. ఇవి మరకతో పాటు సీటు రంగునూ తీసుకుపోతాయి. టూత్‌పేస్టు, మ్యాజిక్ స్పాంజి అనే తెల్ల ఫోమ్ ముక్క అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తాయి. కారణం, అవి సన్నటి ఉప్పు కాగితాలు. మరక ఉన్న పొరనే గీకేస్తాయి, తర్వాత ఆ చోటే అన్నిటికంటే త్వరగా రంగు పట్టుకుంటుంది. స్పిరిట్ కూడా పూతను కరిగించగలదు, తెలిసినవాళ్ళకు వదిలేయండి. ఏది వాడినా ముందు సీటు కింద కనిపించని చోట ప్రయత్నించి చూడాలి.

పసుపు అంటితే మాత్రం కంగారు పడొద్దు. సబ్బు తగలగానే ఎర్రబడి భయపెడుతుంది, అది దాని స్వభావం. మెల్లగా తుడిచి, కారును ఓ రెండు రోజులు వెలుతురులో పెట్టండి. పసుపు ఎండకు వెలిసిపోతుంది. ఇండిగో అలా మొహమాటపడే రకం కాదు.

నేను మొదటి రోజే బేబీ వైప్స్‌తో రుద్దాను, నాలుగో రోజు ఎవరో చెప్తే మ్యాజిక్ స్పాంజి వాడాను. నీలం చాలావరకు పోయింది, దానితో పాటు మెరుపూ పోయి ఆ జానెడు మేర సున్నం వేసినట్టు అయ్యింది. రెండు నెలల తర్వాత అదే చోట మళ్ళీ నీలం, ఈసారి మొదటిదానికంటే చిక్కగా. ఇప్పుడు దాని మీద నాడాలు కట్టిన తెల్ల ఎమ్మిగనూరు టవల్ ఉంది. ఉతకడానికి తీసినప్పుడు మరక కనిపిస్తుంది, మా ఆవిడ నా వైపు చూస్తుంది.